గంతలు విప్పాక

వరద మా గడప దాటి కిటికీ అంచు దాకా వచ్చిన ఏడు ఇది జరిగింది. నీళ్లు తీసేదాకా పై వాటాలో ఒకే గదిలో సర్దుకున్నాం: నేను, నా భార్య, కొడుకు, కోడలు, మనవరాలు. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. కోడలు అందరినీ కూర్చోబెట్టి ఆటలు ఆడించింది. నా భార్య మాత్రం చాప దిగలేదు. మోకాళ్లంది. కిందికి వచ్చాక ఆ మోకాళ్లు ఎలా బాగయ్యాయో ఎవరూ అడగలేదు.

నాది వడ్రంగం. కొట్లో ఉలి కోసం వెతకకూడదు, చెయ్యి చాపితే అందాలి. ఇంట్లోనూ అదే అలవాటు చేశాను. బురద కడిగాక నా భార్య ఆ పట్టు నాకంటే గట్టిగా పట్టింది. బల్ల గోడకే ఉండాలి, నీళ్ల బిందె మూలకే ఉండాలి. కోడలు ముక్కాలిపీట వేలెడు జరిపిందని ఆ పూటంతా మాట్లాడలేదు. చాదస్తం ముదిరిందన్నాడు కొడుకు. నేను మనసులో మెచ్చుకున్నాను.

కరెంటు వచ్చింది. మళ్లీ ఎవరి మూల వాళ్లదే. చూసి చూసి కోడలు ఒక కట్టడి పెట్టింది. ప్రతి శనివారం సాయంత్రం ఫోన్లు డబ్బాలో వేసి అందరూ ముందు గదిలో ఆడాలి, మామయ్యతో సహా. నేను తల ఊపాను. నా లెక్కలో అదే ఎక్కువ మాట.

మొదటి శనివారం కళ్లగంతలాట. కొడుకు గోడను గుద్దుకున్నాడు. నేను పీట తన్నుకున్నాను. నా భార్య మాత్రం గంతలతో తిన్నగా నడిచి తలుపు వెనక మనవరాలిని పట్టుకుంది, కిటికీ దగ్గర నన్ను పట్టుకుంది. వార్నీషు కంపుకొడుతున్నానంది.

“నానమ్మది తొండి. గుడ్డలోంచి కనబడుతోంది.”

“ఇంకో గుడ్డ కట్టవే.”

రెండో గుడ్డతోనూ గెలిచింది.

తర్వాత లూడో ఆడదామన్నారు. గంతలు విప్పి ఆమె మంచినీళ్లకు లోపలికి వెళ్లింది. ఈలోగా నేనూ కొడుకూ బల్లను గది నడిమికి లాగి అట్ట పరిచాం. ఆమె తిరిగి వచ్చింది. లైటు వెలుగుతోంది, కళ్లు తెరిచే ఉన్నాయి. బల్ల అక్కడ లేనట్టే నడిచి దానికి గుద్దుకుంది. పావులు చెల్లాచెదరయ్యాయి.

“అమ్మా, గంతలు కట్టినప్పుడే నయం కదే,” అని నవ్వాడు కొడుకు.

ఆ నవ్వు సగంలోనే ఆగింది. ఆమె వేళ్లు బల్ల అంచు వెంట మూల దాకా పాకుతున్నాయి. చెక్క నునుపు చూసేటప్పుడు నేను అలాగే తడుముతాను. మనవరాలు మెల్లగా వచ్చి ఆమె ముఖం ముందు అరచెయ్యి ఆడించింది. రెప్ప పడలేదు.

కిందపడ్డ పావు తీయడానికి వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. పక్కలో పడుకునే మనిషి.

“ఎప్పటినుంచి?” అన్నాను.

“వరదకు ముందు మసకగా ఉండేది. ఇప్పుడు లైటు వేశారో లేదో తెలుస్తుంది, అంతే.”

“ఎందుకు చెప్పలేదత్తయ్యా?”

“చెబితే రేపట్నుంచి నన్ను పొయ్యి దగ్గరికి రానిస్తావా?”

కొడుకు కంటి డాక్టరంటాడు, ఆమె రానంటుంది. వెళితే మూల కూర్చోబెట్టేస్తారట. కోడలు కళ్లు తుడుచుకుని, ఈ పాడు ఆటలు ఇక వద్దంది.

“ఎందుకు మానడం? ఈ ఇంట్లో నేను గెలిచేది అదొక్కటే,” అంది నా భార్య.

అప్పుడు నేను లేచాను. “పొయ్యి నీదే. డాక్టరు దగ్గరికి మాత్రం రా.”

“ఆ మాట అందరూ విన్నారా?” అంది ఆమె.

విన్నామన్నారు.

మర్నాడు పొద్దున బల్లను గోడకు జరిపి, ఆమె చెయ్యి పట్టుకుని బయల్దేరాను. వీధి నేను సర్దింది కాదు. అందుకని నోరు విప్పాను. ఎడమ పక్క గుంట ఉందన్నాను. ఎదురుగా సైకిలు వస్తోందన్నాను. రొట్టెల కొట్టువాడు తలుపు తీస్తున్నాడన్నాను. వరద నీటి చార ఇంకా గోడల మీద ఉందని కూడా చెప్పాను.

“ఎవరైనా వస పోశారా మీకు?” అంది.

“మెట్టు,” అన్నాను.