ఉల్లిపొర మేడ

మా ఆడపడుచు చిట్టికి ఈ ఉద్యోగం ఇప్పించింది నేనే. ఏకై వచ్చి మేకవడం అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మేకు రోజూ నా పక్క టేబుల్ దగ్గరే కూర్చుంటుంది.

మేం బిల్డింగులు గీసేవాళ్ళం. కొత్తగా కడుతున్న ఒక పట్టణానికి నడిబొడ్డున పెద్ద సముదాయం కావాలన్నారు. కింద కొట్లు, మధ్యలో ఆఫీసులు, పైన ఇళ్ళు. అది ప్రకృతిని చూసి నేర్చుకున్నట్టుండాలి, కరెంటూ నీళ్ళూ పొదుపుగా వాడాలి. మా ఆఫీసు నుంచి ఒక్క నమూనానే పంపాలి. ఎవరిది వెళితే, అది కట్టడం పూర్తయ్యేదాకా అక్కడ వాళ్ళదే పెత్తనం. ఇన్నేళ్ళూ పక్కవాళ్ళ మేడలకి మెట్లూ బాత్‌రూములూ గీసినదాన్ని. ఈసారి నాదే అనుకున్నాను.

నేను కొండ గీశాను. మెట్లు మెట్లుగా పైకెక్కే మేడ, ప్రతి మెట్టు మీదా తోట. చిట్టి ఉల్లిపాయ గీసింది.

నవ్వకండి. నేనూ ముందు నవ్వాను. ఉల్లిపాయకి పైనున్న ఎండుపొర లోపలి పొరల్ని కాపాడుతుంది కదా, అలాగే మేడ చుట్టూ మట్టిపలకలతో చిల్లుల జాలీ ఒకటి పెట్టింది. జాలీకీ గోడకీ మధ్య మనిషి నడిచేంత సందు. వేడిగాలి ఆ సందులోంచి పైకి పోతుంది, గదులు చల్లగా ఉంటాయి, ఏసీల అవసరం సగానికి పడిపోతుంది. ఈ ఆలోచన ఎలా వచ్చిందమ్మా అని మా బాసు పెద్దాయన అడిగితే, "మా వదిన ఉల్లిపాయలు తరుగుతుంటే చూశానండీ" అంది.

పెళ్ళయిన దగ్గర్నుంచీ తరుగుతున్నాను. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదంటారు. నాకు ఏడుపు తప్ప ఏం మిగల్లేదు. పక్కన నిలబడి కబుర్లు చెప్పినదానికి ఏకంగా మేడ దొరికింది.

"మా చిట్టి బుర్రే బుర్ర" అన్నాడు మా ఆయన ఇంట్లో. నా మొహం చూసి, "నీ కొండ కూడా బానే ఉందిలే" అన్నాడు. ఆ పూట కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. మర్చిపోయాననే చెప్పాను.

మా ఆఫీసులో ఎదురు కుర్చీ అని ఒక పద్ధతి ఉంది. ఏ నమూనా అయినా గుమ్మం దాటే ముందు ఇంకొకరు దానికి ఎదురుగా కూర్చుని, పగవాడిలా తప్పులు వెతకాలి. నా కొండకి ఎదురుగా చిట్టి కూర్చుంది. చాలాసేపు చూసింది, పెన్సిల్ కొసతో గడ్డం గోక్కుంది. "అంతా బావుంది వదినా" అని లేచిపోయింది. నేను పొంగిపోయాను. దానికి నాలో తప్పు పట్టేంత సత్తా లేదనుకున్నాను.

తర్వాత దాని ఉల్లిపాయకి ఎదురుగా నేను కూర్చోవాలి. డ్రాయింగులు ఇంటికి పట్టుకెళ్ళాను. పెళ్ళిచూపుల్లో పిల్లవాణ్ణి కూడా అంత పట్టిపట్టి చూడలేదు. ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కళ్ళు మూసుకుని చెప్పగలను. తప్పు మాత్రం దొరకలేదు. కుళ్ళుతో ఒళ్ళు కాగిపోతోంది.

ఇంతలో మా కింది వాటాలో ఎవరో ఉల్లిపాయలు మాడ్చారు. పొగంతా కిటికీలోంచి మా పడగ్గదిలోకి వచ్చి కళ్ళు మండాయి. ఆ మంటలోనే నాకు పండగైంది. చిట్టి మేడలో కింద హోటళ్ళున్నాయి! వేడిగాలిని మోసే సందు పొగని మొయ్యనంటుందా? కింద పొయ్యి వెలిగిస్తే పైన పడగ్గదుల్లో అందరూ దగ్గాలి!

మర్నాడు ఆఫీసులో అందరి ముందూ ఆ మాట చెప్పాను. మెల్లగా, ఒక్కొక్క మాటా రుచి చూస్తూ చెప్పాను. చిట్టి మొహం పాలిపోయింది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మరి ఏం చెయ్యాలి వదినా?" అంది చిట్టి.

ఏం చెయ్యకూడదు, చింపి పారెయ్యాలి. ఆ మాటే అనాల్సింది. కానీ ఎదురుగా తప్పున్న డ్రాయింగు పడుంటే నా చెయ్యి ఊరుకోదు. పెన్సిల్ తీసుకుని కొట్ల మీద స్లాబు దగ్గరే సందుని మూసేశాను. హోటళ్ళన్నీ ఒక చివరికి చేర్చి, వాటి పొగకి వేరే గొట్టం గీశాను, మేడ నెత్తి మీదుగా పొడుగ్గా, ఉల్లికాడలాగా. గీసేశాక గానీ నేనేం చేశానో నాకే తెలియలేదు.

"ఇదే పంపుదాం" అన్నాడు పెద్దాయన.

"మరి నాది?" అన్నాను.

"ఇది దెబ్బ తిని నిలబడిందమ్మా. నీదాన్ని ఎవరూ కొట్టలేదు. దెబ్బ తినని నమూనాని నేను బయటికి పంపను."

నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను. కొండ డ్రాయింగుల్ని చుట్టి రబ్బరు బ్యాండు వేస్తుంటే అది కూడా పుటుక్కున తెగింది. అందరూ టీకి వెళ్ళారు. చిట్టి వెళ్ళలేదు. వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చుంది.

"నీ కొండలో ఒక తప్పుంది వదినా. ఆ రోజే చూశాను" అంది.

"ఏంటది?"

"వాన పడితే ఆ తోటల నీళ్ళన్నీ మెట్టు మీంచి మెట్టు మీదికి జారి తిన్నగా కొట్ల గుమ్మాల్లోకి వస్తాయి. ఒక్క కాలవ గీస్తే సరిపోయేది."

డ్రాయింగు విప్పి చూశాను. నిజమే. నా కళ్ళముందే, బోర్డు మీద రాసినంత స్పష్టంగా ఉంది. చెయ్యెత్తి కొట్టాలనిపించింది.

"చూసి ఎందుకు చెప్పలేదే?"

చిట్టి తల వంచుకుంది. "చెప్తే దిద్దేస్తావుగా. దిద్దితే నీదే వెళ్తుంది. నా ఉల్లిపాయ దాని ముందు ఆనదని తెలుసు. నువ్వు మన ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ వదిన, వదిన అనే వింటున్నాను. అన్నయ్య నా దగ్గర ఎంతసేపూ నీ గీతే పొగుడుతాడు. నాకు కుళ్ళొచ్చింది వదినా. భయమేసింది కూడా."

మోసపోయాను. పట్టణం పోయింది, పెత్తనం పోయింది. అయినా కడుపులో మంట ఉన్నట్టుండి చల్లబడింది. ఇన్నాళ్ళూ నేను ఒంటిచేత్తో రాజేసుకుంటున్నాననుకున్న పొయ్యికి అవతలనుంచి ఇంకొకరు కూడా పుల్లలెగదోస్తున్నారన్నమాట. నా గీత చూసి కూడా ఒకరు నిద్ర మానుకున్నారు!

"ఇంకోసారి చెప్పు" అన్నాను.

"కాలవ సంగతా?"

"కాలవ కాదే. భయమేసిందన్నావు చూడు, అది."