రెండు ఎర్ర దీపాల్లో ఏది?

సోమవారం సెలూన్‌కి సెలవు. అయినా ఆవిడ పదింటికల్లా తాళం తీసి, కుర్చీ తుడిచి, దువ్వెనలు సబ్బునీళ్లలో వేసింది. ఇరవై రెండేళ్ల అలవాటు ఊరుకోనివ్వదు. కుడి భుజం మాత్రం నాలుగు నెలలుగా బిగుసుకుపోయింది. చెయ్యి కొంత ఎత్తు లేచి, ఆపైన ససేమిరా అంటోంది.

వెనకే భర్త రెండు అట్టపెట్టెలు మోసుకొచ్చాడు. ఆయన బస్సు కండక్టరు. పెట్టెల్లో ఉన్నవి నొప్పి ఉన్నచోట కాపడంలా ఎర్ర వెలుతురు పట్టుకునే దీపాలు. ఒకటి నోటుపుస్తకమంత, వంగే కాడతో. రెండోది మనిషంత పొడుగు, తలుపుకి వేలాడదీసేది. షాపువాడు రెండూ చూసుకోమని ఇచ్చాడు, శనివారంలోగా ఒకటి వెనక్కివ్వాలి.

"పెద్దదే ఉంచుదాం," అన్నాడాయన. "దీనికి నూట యాభై బల్బులు. చిన్నదానికి నలభయ్యే."

"పట్టుకోవాల్సింది భుజానికండీ. ఊరేగింపుకి కాదు."

"ఇదైతే ఒళ్లంతా కాస్తుంది."

"నాకు ఒళ్లంతా నొప్పిలేదుగా."

"రేపు రావచ్చు కదా!"

"మీ నోట్లో చక్కెర పొయ్య."

డాక్టరమ్మ ఏ దీపానికీ హామీ ఇవ్వలేదు. రోజూ ఏది వాడగలిగితే అదే తీసుకోండి, వ్యాయామం మాత్రం మానొద్దు, భుజం వదలడానికి ఏడాది పట్టొచ్చు అంది. ఏడాదిపాటు కత్తెర పట్టకపోతే సెలూన్ ఉండదు. కుర్చీ, అద్దం తనకిచ్చెయ్యమని ఎదురు వీధి సెలూన్ ఆవిడ అడిగింది. ఈ సాయంత్రం జవాబు కోసం వస్తానంది.

ఎదురు వీధి ఆవిడ కన్ను అసలు అద్దం మీదే. ఆ అద్దం వారం రోజులు ముందుంటుంది. కొన్ని ఇళ్లలో గోడగడియారం ఐదు నిమిషాలు ముందుంటుంది కదా, అలాగ. దాని ముందు నిలబడ్డ మనిషి వచ్చేవారం ఇదే వేళకి ఎలా ఉంటాడో అలా కనిపిస్తాడు. కటింగ్ వారానికి ఎలా కుదురుకుంటుందో చూసుకుని మరీ జనం కుర్చీ దిగుతారు. ఒకసారి బ్యాంకు గుమాస్తా అందులో తన ముక్కు ఎర్రబడి ఉండటం చూసి, వెళ్తూ వెళ్తూ జలుబు మాత్రలు కొనుక్కున్నాడు.

"దీపం వెలిగించుకుని అద్దంలో చూడు," అన్నాడు భర్త. "ఏది పనిచేస్తుందో తేలిపోతుంది."

ముందు పెద్దది తలుపుకి తగిలించారు. గదంతా ఎర్రబడింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఆవిడ పది నిమిషాలు కూర్చుంది. దీపం ఆర్పి, కళ్లద్దాలు తీసి అద్దం ముందు నిలబడింది. వచ్చేవారపు కుడిచెయ్యి కిందికే వేలాడుతోంది. చిన్నదానితోనూ అంతే.

"ఎలా ఉంది?"

ఆవిడ కుర్చీ చేతిని నిమురుతూ నిలబడిపోయింది. సాయంత్రం ఏం చెప్పాలో తేలిపోయినట్టే అనిపించింది. అప్పుడు మళ్లీ తలెత్తి చూసింది.

"ఏమండీ, కత్తెర ఎడమచేతిలో ఉంది."

"అద్దంలో తారుమారుగా కనిపిస్తుందిలే."

"అద్దంలో చూస్తూ బతికినదాన్ని, నాకా చెబుతున్నారు! పైగా ఈ కత్తెర మన దగ్గర లేదు. దీని అంచు అటు తిరిగుంది. ఎడమచేతివాళ్ల కత్తెర."

ఇక్కడ దీపం ఆర్పేసినా, అద్దంలో కుడి భుజం మీద అరచెయ్యంత మేర ఎర్ర వెలుతురు పడుతోంది. మొహం మీద ఎరుపు లేదు. అంటే ఆ వేళకి వెలిగేది చిన్నదే. కాడ వంచుకుని, కుర్చీ పక్కనే పెట్టుకుని, పని చేస్తూనే పట్టుకుంటోంది.

"ఎవరికి కత్తిరిస్తున్నావు?" అంటూ ఆయన దగ్గరికొచ్చాడు. అద్దంలో తన తల చూసి గతుక్కుమన్నాడు. ఎడమ చెవి పైన జుట్టు మెట్లుమెట్లుగా ఉంది. ఒకచోట చర్మం కనబడుతోంది. కింద మొహం మాత్రం హాయిగా ఉంది.

"అయ్యో, మీ తల!"

"డ్యూటీలో టోపీ ఉంటుందిగా," అన్నాడాయన.

పెద్ద దీపాన్ని తిరిగి పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు.

సాయంత్రం ఎదురు వీధి ఆవిడ వచ్చింది. "ఏమాలోచించావక్కా?"

"ఇవ్వనమ్మా. ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది."

"ఎడమచేత్తోనా? తల ఎవరిస్తారు?"

"ఒకటి దొరికింది."

ఆ తర్వాతి సోమవారం పదింటికి ఆయన మెడకి గుడ్డ కట్టించుకుని కూర్చున్నాడు. కొత్త కత్తెర మొదట జుట్టుని నమిలింది, తర్వాత కోసింది. అరగంట గడిచింది.

"మెట్లు పడ్డాయండీ."

"పడతాయని తెలుసుగా."

"వారానికి సర్దుకుంటుందేమో, ఒకసారి అద్దంలో చూసుకోండి."

ఆయన తల ఎత్తలేదు.

"ఎందుకూ? వచ్చే సోమవారమూ ఇక్కడే కూర్చుంటాను."

ఆవిడ కత్తెర మీది వెంట్రుకలు ఊదేసింది. తర్వాత కుర్చీకి అవతలి పక్కకి నడిచి, కుడి చెవి దగ్గర మొదలుపెట్టింది.