శనివారం ఆఖరి ఆవిరి

శనివారం మధ్యాహ్నం భోజనం కాగానే ఇల్పో సరస్సు ఒడ్డున ఆవిరిస్నానాల గదికి దిగి, ఆ సౌనా పొయ్యి రాజేస్తాడు. పొయ్యి మీద పేర్చిన రాళ్లు బాగా కాలడానికి సాయంత్రం అవుతుంది. ఆలోగా అతని భార్య మెర్వి రై పిండితో పిరాక్కాలనే చిన్న రొట్టెలు చేసి పెడుతుంది. తర్వాత ఇద్దరూ ఆ చిన్న కొయ్యగదిలో పై బల్ల మీద కూర్చుని, రాళ్ల మీద నీళ్లు పోస్తూ, ఆవిరికి ఒళ్లు ఎర్రబడేదాకా ఉండి, సరస్సులో ఒక మునక వేసి, మళ్లీ వచ్చి కూర్చుంటారు. ఇక చాలు అనుకున్నాక మెర్వి తొట్టి నిండా చన్నీళ్లు నింపుతుంది, బల్ల మీద పొడి తువ్వాలు ఒకటి పరుస్తుంది, తలుపు దగ్గరగా వేసి ఇంటికి వచ్చేస్తుంది. ఆఖరి ఆవిరి ఆర్వి తాతది.

ఆర్వి తాత ఇల్పో తండ్రి. పోయి ఆరేళ్లయింది. వరసకు మామగారే గానీ, ఇప్పుడు వేరే ఊళ్లో ఉంటున్న కూతురు పుట్టిన దగ్గర్నుంచీ మెర్వికి కూడా ఆయన తాతే. బతికుండగా ఒక్క శనివారం సౌనా మానింది లేదు, పోయాక మానడానికి ఆయనకు కారణమూ కనబడలేదు. వీళ్లిద్దరూ వంటింట్లోకి వచ్చి కూర్చునేసరికి కింద రాళ్ల మీద నీళ్లు చుయ్యిమంటాయి, చుట్టలు కాల్చిన దగ్గు ఒకటి వినిపిస్తుంది. ఆదివారం పొద్దున చూస్తే తొట్టి ఖాళీగా, తువ్వాలు తడిగా ఉంటాయి. ఆ తువ్వాలు ఉతికి ఆరేయడం మెర్వి పని. మీ తాత నీళ్లు మరీ ధారాళంగా పోస్తున్నాడు, మా కుక్క నిద్రపోవడం లేదు అని పొరుగింటి హిల్కా అప్పుడప్పుడు నిష్ఠూరమాడుతుంది. నూర్మెస్‌ ఊళ్లో అంతకు మించి ఎవరూ ఆ సంగతి పట్టించుకోరు.

మెర్వి ఆస్పత్రిలో చెవి మిషన్లు అమర్చే పని చేస్తుంది. వినబడనివాళ్ల ఎదురుగా కూర్చుని, వాళ్ల చెవికి ఏ శబ్దం ఎంత అందుతోందో ఓపిగ్గా పట్టుకుని, దానికి తగ్గట్టు మిషను సరిచేస్తుంది. నూర్మెస్‌లో ఆ విభాగం ఎత్తేస్తున్నారని వేసవిలో తెలిసింది. హెల్సింకిలో పెద్ద ఆస్పత్రికి రాస్తే వెంటనే రమ్మన్నారు, అక్టోబరులో చేరాలి. నగరం నడిబొడ్డున ఉండటం తన వల్ల కాదని మెర్వికి తెలుసు. రైలు పట్టాల వెంబడి ఉత్తరానికి వరసగా ఉన్న చిన్న ఊళ్లలో ఏదో ఒకటి చూసుకోవాలి. కెరవా, యార్వెన్‌పా, హువింక్యా అని మూడు ఊళ్లు తేలాయి.

రోజూ రాత్రి భోజనాల దగ్గర కంప్యూటర్ తెరిచి ఇళ్ల ఫొటోలు చూపించేది. ఇల్పో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు, ఆ పని ఎక్కడైనా దొరుకుతుంది. మాటకారే. చేపల గురించి, వాన గురించి, హిల్కా కుక్క గురించి ఎంతసేపైనా చెబుతాడు. ఆ దిక్కు వాళ్లందరూ అంతే, అసలు సంగతి తప్ప అన్నీ మాట్లాడతారు. ఏ ఊరు బావుందని మెర్వి అడిగితే మాత్రం చేతులు తుడుచుకుంటూ ‘నీ ఇష్టం’ అనేవాడు. ఆ మాటను ఎన్ని రకాలుగా అనొచ్చో పెళ్లయినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మెర్వి దానికి తనే ఒక అర్థం చెప్పుకుంది. ఇల్పోకి అయిదేళ్లప్పుడు వాళ్లమ్మ స్వీడన్‌లో బట్టల మిల్లులో పనికని వెళ్లి, మళ్లీ రాలేదు. తండ్రే వంటచేసి పెట్టి, తల్లి లేని లోటు తెలియకుండా పెంచాడు. అలాంటి తండ్రిని ఇక్కడి సౌనాలో వదిలేసి రావడానికి ఇతనికి మనసొప్పడం లేదు, పైకి చెప్పలేక నాన్చుతున్నాడు అనుకుంది. తాత కూడా రాగలిగే ఇల్లు వెతికితే చిక్కు విడిపోతుందని తీర్మానించుకుంది. ఒకసారి అలా అనుకున్నాక ఆమెకు ఆస్పత్రి ఎంత దూరమో, బజారు ఎక్కడో పట్టలేదు. శనివారం ఆఖరి ఆవిరి ఎవరిదన్నదే ప్రశ్నయింది.

సెప్టెంబరులో ఒక ఆదివారం ఇద్దరూ వెళ్లి మూడు ఊళ్లూ చూసొచ్చారు. కెరవాలో ఇల్లు స్టేషన్ పక్కనే, మూడో అంతస్తు, వంటింటి కిటికీలోంచి వచ్చేపోయే రైళ్లు కనిపిస్తాయి. మెర్వికి చూడగానే నచ్చింది. కానీ సౌనా కింద సెల్లార్లో, బిల్డింగ్ మొత్తానికి ఒకటే, ఎవరి గంట వాళ్లకు కేటాయించి బోర్డు మీద రాసి ఉంది. శనివారం చివరి గంట ఎవరిదని అడిగితే, ఇల్లు చూపిస్తున్న అమ్మాయి ఏమాత్రం తడబడకుండా అది పోయినవాళ్ల గంట అంది. ప్రస్తుతానికి నలుగురు వస్తున్నారట. అందులో ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు, నోరు ముయ్యడని వాచ్‌మన్ ఫిర్యాదట. పైగా కరెంటు పొయ్యి. కరెంటు పొయ్యిని తాత బతికుండగా రొట్టెలు కాల్చే పెట్టె అని వెక్కిరించేవాడు. మెర్వి నిట్టూర్చి బయటికొచ్చింది. ఇల్పో ట్యాప్ తిప్పి చూసి, గోడ తట్టి చూసి, బావుందన్నాడు.

యార్వెన్‌పాలో ఇల్లు సరస్సుకు నడిచి వెళ్లే దూరంలో, వరసగా అంటుకుని కట్టిన ఇళ్లలో ఒకటి. సౌనా ఇంట్లోనే ఉంది గానీ బీరువాలా ఇరుకు. అక్కడ ఇదివరకు ఉన్నవాళ్ల అత్తగారు, ఎప్పుడో పోయినావిడ, శుక్రవారాలు వస్తారని, ఇల్లు ఖాళీ చేసినా ఆవిడ మాత్రం కదల్లేదని, శనివారం ఖాళీయేనని చెప్పారు. పరాయి ఆడమనిషి వాడే బల్ల మీద తాత కూర్చుంటాడా అని మెర్వికి అనుమానం వచ్చింది. ఇల్పో అక్కడ కూడా గోడ తట్టాడు.

హువింక్యా ఇల్లు అన్నింటికంటే దూరం. స్టేషన్లో దిగి బస్సెక్కాలి, బస్సు దిగి అడవి దారిన నడవాలి. చలికాలంలో మెర్వి చీకట్లో వెళ్లి చీకట్లో రావాలి. అయితే పెరట్లో పాతకాలపు సౌనా, కట్టెల పొయ్యి, నల్లటి గుండ్రాళ్లు, ఆఖరి ఆవిరికి పోటీ ఎవరూ లేరు. మెర్వికి ఆ ఇంట్లో ఒక్క గది కూడా నచ్చలేదు. తిరుగు రైల్లో ఇల్పో పక్కన కూర్చుని, హువింక్యాయే తీసుకుందామా, తాతకి బావుంటుంది అంది. ఇల్పో కిటికీలోంచి బయటికి చూస్తూ నీ ఇష్టం అన్నాడు. ఆమె దాన్ని ఒప్పుకోలు కింద జమ కట్టేసి, వచ్చే సోమవారానికల్లా ఖాయం చేస్తామని ఇంటివాళ్లకు మాటిచ్చింది.

ఆ శుక్రవారం కంచె దగ్గర హిల్కా పలకరించింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, ఈ చలికాలానికి ఇల్పో కట్టెలు ఒక్క లోడే చెప్పాడేం, ఏటా రెండు కదా అంది. పైగదులు వేడి చెయ్యక్కర్లేదు, వంటింట్లో నేనొక్కణ్ణీ పడుకుంటే చాలు అన్నాడట కట్టెలవాడితో. హిల్కాకి ఇందులో వింతేమీ తోచలేదు, మెర్వికి చెప్పే ఉంటాడనుకుంది. మెర్వి కూడా తెలిసినట్టే తలూపి ఇంట్లోకి వచ్చి కుర్చీలో కూలబడింది. ఊరు ఏదైనా ఇల్పో రావడం లేదు. తను ఒక్కతే వెళ్తోంది. ఇరవై ఆరేళ్ల కాపురం ఒక లోడు కట్టెలతో తేలిపోతోంటే పొరుగావిడ చెబితే గానీ తెలియలేదు. ఆమెకు ముందు కోపం వచ్చింది, ఆ తర్వాత చాలా భయం వేసింది.

అయినా నోరు తెరిచి అడగలేకపోయింది. శనివారం మామూలుగానే ఇద్దరూ ఆవిరికి కూర్చున్నారు, ఇల్పో ఈసారి పెర్చ్ చేపలు చిన్నవి పడుతున్నాయని చెబుతూనే ఉన్నాడు. అతను ముందు ఇంటికి వెళ్లాక మెర్వి తొట్టి నింపి, తువ్వాలు పరిచి, తలుపు వేసింది గానీ వెళ్లలేదు. బట్టలు మార్చుకునే బయటి గదిలో బెంచీ మీద కూర్చుంది. ఆ వేళప్పుడు అక్కడ ఉండకూడదని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పుకోలేదు, కానీ ఎవరూ ఉండలేదు.

లోపల బల్ల కిర్రుమంది. నీళ్లు చుయ్యిమన్నాయి.

“తాతా, హువింక్యాలో ఇల్లు చూశాను. కట్టెల పొయ్యే. నువ్వు వస్తే మీవాడు కూడా వస్తాడు. వస్తావా?”

కాసేపటికి తలుపు వెనకనించి దగ్గు వచ్చింది, దాని వెనకాల మాట.

“నీ ఇష్టం.”

అచ్చం కొడుకు గొంతే, కాస్త బొంగురు. మెర్వికి ఒళ్లు మండిపోయింది.

“నా ఇష్టం సంగతి కాదు. నీ సంగతి చెప్పు. వస్తావా, రావా?”

లోపల రాళ్ల మీద మళ్లీ నీళ్లు చుయ్యిమన్నాయి.

“రెండోసారి అడిగావే,” అన్నాడు తాత. “నన్నెవరూ రెండోసారి అడగలేదు.”

ఆ తర్వాత ఆయన ఆగి ఆగి, మధ్యమధ్య నీళ్లు పోసుకుంటూ, బతికుండగా ఎవరికీ చెప్పని సంగతి చెప్పాడు. స్వీడన్‌కి పోదాం, ముగ్గురం పోదాం అని ఇల్పో వాళ్లమ్మ అడిగింది ఈ బల్ల మీదేనట. నీ ఇష్టం అన్నాడట. ఇంకోసారి అడుగుతుంది, అప్పుడు సరే అందామని కూర్చున్నాడు. మళ్లీ అడిగితే బలవంతం చేసినట్టుంటుందని ఆవిడ ఊరుకుంది. ఏడాది చూసి వస్తానని వెళ్లింది. పెళ్లాం వదిలేసిపోయిందని ఊరంతా ఆయన మీద జాలిపడింది.

“అడిగితే వెళ్లేవాడివా?” అంది మెర్వి.

“పెట్టె సర్దుకున్నాను. మంచం కింద పెట్టాను.”

“మరి నువ్వే ఒక మాట అనొచ్చుగా.”

“అనొచ్చు,” అన్నాడు తాత. “కాఫీకి ఎవరైనా వస్తే మూడుసార్లు అడుగుతాం. మొదటిసారి వద్దంటే వద్దని కాదని పసిపిల్లలకి కూడా తెలుసు. మనిషిని మాత్రం ఒక్కసారి అడిగి ఊరుకుంటాం,” అన్నాడు.

మెర్వి బెంచీ మీంచి కదల్లేదు.

“నాకు ఈ రాళ్లు చాలు. ఇంట్లోకి ఎవరొచ్చినా శనివారం ఒక తొట్టి నీళ్లు పెట్టరా? నా చోటు వెతకడం మానేసి వాణ్ణి అడుగు. ఇక వెళ్లు, చలిగాలి వస్తోంది.”

మెర్వి వెళ్లేసరికి ఇల్పో వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. ఎదురుగా కూర్చుంది. హువింక్యా సంగతి ఏం చెయ్యమంటావని అడిగింది. నీ ఇష్టం అని చెప్పానుగా అన్నాడు.

“విన్నాను. మళ్లీ అడుగుతున్నాను. కట్టెలు ఒక్క లోడే చెప్పావట.”

ఇల్పో చాకు కింద పెట్టాడు. ఎంతసేపటికీ మాట్లాడలేదు. మామూలుగా అయితే మెర్వి ఈపాటికి లేచి ఏదో పని కల్పించుకునేది. ఈసారి లేవలేదు. వినబడని మనిషి ఎదురుగా కూర్చున్నంత ఓపిగ్గా కూర్చుంది.

“ఏ ఊరు అని అడిగావు,” అన్నాడు ఇల్పో చివరికి. “సౌనా ఎలా ఉందని అడిగావు. నాన్నకి నచ్చుతుందా అని అడిగావు. నన్ను రమ్మని అడగలేదు.”

మెర్వికి చెంప మీద కొట్టినట్టయింది. పోయిన మనిషికి చోటు కోసం మూడు ఊళ్లు తిరిగింది, బతికున్న మనిషి వెంటే నడుస్తూ గోడలు తడుతుంటే ఒక్క మాట అనలేదు.

“మొగుడివి. వేరే రమ్మనాలా?”

“అనాలి. నువ్వు ఒక్కదానివే వెళ్దామనుకుంటున్నావేమో నాకేం తెలుసు? మా అమ్మ కూడా ఇల్లు చూసుకునే వెళ్లింది.”

అతని గొంతులో నిష్ఠూరం లేదు. తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పాడు. అయిదేళ్ల పిల్లాడు అప్పట్నించీ ఆ మాట మోస్తున్నాడని మెర్వికి అర్థమై కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నాతో రా, ఇల్పో.”

అతను బంగాళాదుంప చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

“నాతో రా. నువ్వు లేకుండా నేను అక్కడ ఉండలేను.”

“వస్తాను,” అన్నాడు. అని వెంటనే, “హువింక్యా అయితే రాను. చుట్టూ చెట్లు తప్ప ఏమున్నాయక్కడ? మా నాన్న ఆవిరి కోసం నన్ను తీసుకెళ్లి అడవిలో పడేస్తావా?” అన్నాడు.

మెర్వి ఏడుస్తూనే నవ్వేసింది. పెళ్లయ్యాక ఇల్పో ఒక సంగతి కచ్చితంగా వద్దనడం ఆమె వినడం అదే మొదలు. అలాగైతే కెరవాకే పోదాం, నాకు ఆ కిటికీ నచ్చింది అంది. ఆ కిటికీ పక్కన పడుకుంటే రైలు మన మంచం కిందనించి పోయినట్టుంటుంది, నా వల్ల కాదన్నాడు. నీకు సరస్సు తప్ప ఊరు కనబడదా అని ఆమె, నీకు స్టేషన్ తప్ప ఊరు కనబడదా అని అతను. నెలరోజులుగా మింగిందంతా ఇద్దరూ ఒక్కసారే కక్కారు. దుంపలు ఉడికే దాకా గట్టిగా, బాహాటంగా, సంతోషంగా పోట్లాడుకున్నారు. చివరికి మిగిలింది యార్వెన్‌పా. ఆమెకు ఆస్పత్రి అనుకున్నంత దగ్గర కాదు, అతనికి గోడ పక్కనే మరొకరి గోడ. శుక్రవారాలు వచ్చే ఆ పరాయి అత్తగారు సరేసరి.

“ఇంతకీ ఇది ఎవరిష్టం అంటావు?” అంది మెర్వి, కంచాలు సర్దుతూ.

ఇల్పో చేపను రెండు ముక్కలు చేసి, పెద్దది ఆమె కంచంలో వేశాడు.

“ఎవరిదీ కాదు. రేపు బాగాలేకపోతే ఇద్దరం కలిసి తిట్టుకుందాం,” అన్నాడు.