ఖాళీ బండి బరువు

అక్కకి ఒళ్లు మండిపోతోంది. ఇంజినీరు బల్ల మీద ఉన్న కాగితంలో, పట్టాల మీద సరుకు బండిని లాగే తాడు తెగడానికి కారణం "బండి నడిపినవాడి నిర్లక్ష్యం" అని టైపు చేసి ఉంది. ఆ నడిపినవాడు ఆమె తమ్ముడు. కొత్త మోటారు పెట్టిన రెండో రోజే తాడు తెగి, విసురుగా వచ్చి తగిలి, కాలు విరిగి మంచాన పడ్డాడు. దీని మీద మేనేజరు సంతకం పడితే వాడి ఉద్యోగం కాస్తా ఊడుతుంది.

"ఒక్కసారిగా లాగేశాడమ్మా. నా లెక్క నిక్కచ్చిగా ఉంది," అన్నాడు ఇంజినీరు, పుల్లతో పళ్లు కుట్టుకుంటూ.

"మోటారు ఎంత వేగంగా లాగాలో పెట్టింది మీరేగా. వాడి చేతిలో ఉన్నది ఒక్క బొత్తామే. ఏదీ, ఆ లెక్కేమిటో నాకూ చెప్పండి."

తూకం దగ్గర కూర్చునేదానికి లెక్కలెందుకన్నట్టు చూశాడు మహానుభావుడు. అయినా రాసి చూపించాడు. బరువు ఎనిమిది వేల కిలోలు. పట్టాల మీద బండి వేగం సెకను సెకనుకీ అరమీటరు చొప్పున పెరగాలి. రెండూ గుణిస్తే నాలుగు వేల న్యూటన్ల బలం. తాడు ఐదు వేల దాకా తట్టుకుంటుంది. ఇంకేం కావాలి?

"మరి బండి బరువేది?" అంది అక్క.

"ఎనిమిది వేలన్నానుగా."

"అది సరుకు. ఇనప బండి, అదొక్కటే నాలుగు వేలు. అదీ కదలాలి కదా, సరుకు గాల్లో తేలుతూ వెళ్తుందా? పన్నెండు వేలలో సగం ఆరు వేలు. తాడు తెగక ఏం చేస్తుంది? కాలు విరగ్గొట్టింది చాలక తప్పు కూడా వాడి నెత్తినే రుద్దుతారా? సిగ్గుగా లేదూ మీకు?"

ఇంజినీరు ముఖం మాడిపోయింది. ఫైల్లోంచి ఒక చీటీ తీసి బల్ల మీద కొట్టాడు.

"నువ్విచ్చిందే ఇది. 'బరువు' అని ఎనిమిది వేలు వేశావు. బండి తీసేశానని ఎక్కడైనా రాశావా?"

రాయలేదు. పదకొండేళ్లుగా తూకం గదిలో పద్ధతే అది. బండితో సహా తూచడం, బండి బరువు నోటిలెక్కతో తీసేయడం, మిగిలింది రాయడం. కొనేవాడికి సరుకుతోనే పని. ఆ చీటీ చూసి మోటారుకి లెక్క కడతారని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఇప్పుడా కోపం ఎవరి మీద వెళ్లగక్కాలో ఆమెకి తెలియలేదు.

"ఇది బయటికొస్తే నీ ఉద్యోగం పోతుంది, నాకూ మాటొస్తుంది," అన్నాడు ఇంజినీరు గొంతు తగ్గించి. "ఊరుకున్నావనుకో, ఇద్దరం బాగుంటాం."

ఇద్దరం! కాలు విరిగినవాడు లెక్కలోనే లేడు. బండిని తీసేసినట్టే వాడినీ తీసేశారు.

అక్క చీటీ లాక్కుని, "ఖాళీ బండి నాలుగు వేలు ఇందులో కలపలేదు" అని రాసి, ఆనాటి తేదీ వేసి సంతకం పెట్టింది. ఇంజినీరు కుర్చీలోంచి లేవలేదు. తనొక్కతే వెళ్లి మేనేజరు గది తలుపు తోసింది.

"మా తమ్ముడి కాలు విరగ్గొట్టింది నేనూ, ఇంజినీరు గారూనండీ," అంది. "ముందు నా పేరే రాసుకోండి."