దులిపిన సంచి

వెదురు బద్దను కాలి బొటనవేలితో నేలకు అదిమిపట్టి, ఓబుళప్ప రొట్టెల గంపకు చివరి వరుస అల్లుతున్నాడు. పెనుకొండ కొండ మీద నుంచి ఎండ ఇంకా కిందికి దిగలేదు. వేళ్ళ మీద పాత కోతలు, కొత్త కోతలు కలిసిపోయి చర్మం బీడునేలలా పగిలింది. మూత బిగుతుగా కూర్చుందో లేదో రెండుసార్లు తీసి, పెట్టి చూసుకున్నాడు. ఈ గంప అమ్మడానికి కాదు, కూతురు మంజుకు.

మంజు హిందూపురంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేస్తుంది. ఏడాదిన్నరలో ఇది నాలుగో గది. మొదటి మూడూ కులం అడిగాక పోయాయి. నాలుగోచోట ఆ పిల్ల రైతుల బిడ్డనని అబద్ధమాడింది. ఇదీ పోతే ఇక ఆ ఊళ్ళో వెతకనని, తోటి ఆడపిల్లలతో బెంగళూరు పోతానని చెప్పేసింది. భార్య పోయాక ఓబుళప్పకు మిగిలింది ఆదివారం బస్టాండులో కనిపించే ఆ ముఖమొక్కటే. ఈ ఆదివారం గదికే రమ్మంది.

"గంపల మాట ఎత్తొద్దు నాయనా. అడిగితే శెనక్కాయ పంట అని చెప్పు," అని ఫోనులో పదేపదే చెప్పింది. అందుకే గంపను తువ్వాల్లో చుట్టుకున్నాడు. తన చేత్తో అల్లినదాన్ని కొన్నానని చెప్పాలి.

బస్సులో గంపను కాళ్ళ మధ్య పెట్టుకుని, రెండు చేతులూ పై కమ్మీకి తగిలించి నిలుచున్నాడు. సోమందేపల్లిలో సీటు ఖాళీ అయినా కూర్చోలేదు. ఎవరి పర్సు పోయినా అతని చేతులు ఎక్కడున్నాయో పదిమందికీ కనిపిస్తుండాలి.

తెల్లదొరల చట్టం గంపలల్లే ఎరుకలవాళ్ళను పుట్టుదొంగలని రాసింది. ఓబుళప్ప తాత రోజూ రాత్రి ఊరి పెద్ద ముందు హాజరు పలికేవాడు. పక్క ఊరికి పోవాలంటే చీటీ ఉండాల్సిందే. ఆ చట్టం ఓబుళప్ప పుట్టకముందే పోయింది. ఊళ్ళో కోడి పోయినా పోలీసులు మొదట వచ్చేది మాత్రం వీళ్ళ గుడిసెకే. అందుకే వాళ్ళ నాయన నేర్పాడు, ఏ ఇంటి నుంచి వెళ్తున్నా అడగకముందే సంచి దులిపి చూపాలని. అది వద్దని చెప్పడం మంజు మరిచిపోయింది. నాయనను లోపలికి పిలిచేవాళ్ళుంటారని ఆ పిల్ల కలలో కూడా అనుకోలేదు.

హిందూపురంలో ఒక హోటలు వెనక పాత గంపలకు అతుకులు వేసి, కత్తి సంచిలో వేసుకుని, మధ్యాహ్నానికి గది చేరి గంపను మంజు చేతికిచ్చాడు. ఇంటావిడ శోభారాణి చెడ్డ మనిషి కాదు. "ఎండన పడి వచ్చినావు, లోపలికి రాప్పా, కాఫీ తాగి పో," అంది.

అరవై రెండేళ్ళలో ఒకరి నట్టింట్లో కుర్చీ మీద కూర్చోవడం ఓబుళప్పకు అదే మొదలు. కప్పును రెండు చేతులా పట్టుకున్నాడు. పంట ఎట్లుండాదని ఆమె అడిగితే, "వాన్లు యాడుండాయమ్మా," అన్నాడు. మంజు గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. ఆ నవ్వు చూసి అతని ప్రాణం లేచొచ్చింది.

కప్పు కింద పెట్టి లేచాడు. గడప దగ్గరికి వచ్చేసరికి చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. సంచి బోర్లించి దులిపాడు. వెదురు చీల్చే కత్తి ఖంగుమని బండల మీద పడింది. తువ్వాలు విదిలించాడు. చొక్కా జేబు వెనక్కి తిప్పి చూపాడు.

"ఏమప్పా, ఏం చేస్తాండావు?"

"సూస్కో తల్లీ. మీదేమీ తీసుకోల్యా."

"నాయనా!" అంది మంజు. అప్పటికే అయిపోయింది.

శోభారాణిది గోరంట్ల పక్క పల్లె. కత్తిని చూసింది, జేబును చూసింది, ముసలాయన ముఖం చూసింది. "చిన్నప్పుడు మా ఇంటికి గంపలమ్మనీకి వచ్చే ఎరుకలోళ్ళు ఇట్లనే దులిపి చూపి పోతాండ్రి," అంది నెమ్మదిగా.

లోపలికి పోయింది. బీరువా తాళం తిరిగిన చప్పుడైంది. బయటికొచ్చి, "మా మరిదోళ్ళు వస్తాండారు మంజూ. రూము కావాల. ఈపొద్దే," అంది.

"నా చెయ్యి ఇరిగిపోనూ తల్లీ! బిడ్డను పంపొద్దు. నేనింక ఈ వీధికే రాను," అంటూ ఓబుళప్ప ఆమె కాళ్ళ మీద పడబోయాడు. మంజు భుజం పట్టి లేపింది. కత్తి తీసి సంచిలో వేసింది. తిట్టి ఉంటే అతనికి బాగుండేది.

నాలుగింటికల్లా ఒక్క సూట్‌కేసులో సర్దుకుంది. శోభారాణి వాకిట్లో నిలబడింది. నోరు తెరిచి ఏమీ అడగలేదు, కళ్ళు మాత్రం సూట్‌కేసు మీదే ఉన్నాయి. మంజు ఆగింది. జిప్పు లాగి సూట్‌కేసును మెట్ల మీద బోర్లించింది. చుడీదార్లు, సబ్బుపెట్టె, ఫ్యాక్టరీ కార్డు, వాళ్ళమ్మ ఫొటో పడ్డాయి. తర్వాత రొట్టెల గంప మూత తీసి, దాన్ని కూడా తలకిందులు చేసి తట్టింది. రెండు వెదురు పీచులు రాలాయి.

"సూస్కో అక్కా."

"నేనడిగితినా?" అంది శోభారాణి. అన్నా, ఆఖరి గుడ్డ దాకా చూస్తూనే ఉంది.

ఓబుళప్ప చూడలేకపోయాడు. ఈ పని బిడ్డకు రాకూడదనే కదా బడికి పంపాడు. అతను నేర్పలేదు. అయినా ఎన్నాళ్ళుగానో చేతనైనట్టే చేసింది.

బెంగళూరు బస్సు కదిలేముందు కిటికీలోంచి, "ఫోన్ చేస్తాలే నాయనా. నువ్వు మాత్రం రావద్దు," అంది.

"ఎప్పుడొస్తావు మళ్ళా?"

కండక్టరు విజిలు వేశాడు. బస్సు కదిలింది.

బస్సు మలుపు తిరిగాక గంప గుర్తొచ్చింది. మంజు తీసుకోలేదు, తను తీసుకోలేదు. ఆ ఇల్లు దూరమేం కాదు, పోయి తెచ్చుకోవచ్చు. కానీ ఆ గేటు తీసి, మెట్ల మీది వస్తువు చంకన పెట్టుకుని తను వెళ్తుంటే చూసినవాళ్ళు ఏమంటారో అతనికి తెలుసు. పెనుకొండ బస్సెక్కాడు. సీట్లు చాలా ఖాళీగా ఉన్నాయి. పై కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

శోభారాణి ఇంటి మెట్ల మీద రొట్టెల గంప బోర్లా పడి ఉంది, పక్కన దాని మూత.