విసరని బంతి

సోమవారాలూ గురువారాలూ మధ్యాహ్నం మూడయ్యేసరికి జోథమ్ అచ్చాఫీసులో చేతుల సిరా కడుక్కుని, మాన్‌హట్టన్ రేవులో పడవ ఎక్కేవాడు. అవతలి గట్టున హొబోకెన్ పచ్చికలో వాళ్ల బంతాట క్లబ్బు. గుమాస్తాలు, దుకాణదారులు, మంటలార్పే దళం వాళ్లు కలిసి పెట్టుకున్నారు. జోథమ్ చంకలో ఎప్పుడూ రెండు ఉండేవి. నిబంధనల పుస్తకం కెప్టెన్ బ్లీకర్‌కి, అరిగిపోయిన సీసపు అక్షరాల మూట తిర్జాకి. ఆవిడ ఆ సీసాన్ని తన మొగుడు లెవీ కోటు అంచులో పెట్టి కుట్టేది.

ఆ ఆటలో పరిగెత్తేవాణ్ణి అవుట్ చేయాలంటే బంతి విసిరి ఒంటికి కొట్టడమే పద్ధతి. పద్నాలుగు నెలల కిందట జోథమ్ విసిరింది లెవీ కణతకి తగిలింది. లెవీ పడ్డాడు, లేచాడు. లేచాక కాళ్లు నేలకి ఆనలేదు. డాక్టరు కణతకి పట్టీ వేసి, చలిగాలిలో తిరగొద్దని చెప్పి వెళ్లిపోయాడు. క్లబ్బుకి మాత్రం పెద్ద చిక్కొచ్చిపడింది. పరిగెత్తేవాడు చేరి తాకాల్సిన మూల ఇసుక సంచి మీద లెవీ తేలుతూ నిలబడితే, తాకినట్టా కానట్టా? చేపల సూపు చల్లారబెట్టుకుని రెండు సాయంత్రాలు తగవులాడి, సంచికి సరిగ్గా పైనుంటే తాకినట్టేనని రాసుకున్నారు. ఇవాళ ఆడేవాళ్లకి వండి వడ్డించినట్టు దొరికే నిబంధనలన్నీ ఇలాంటి మహానుభావులు గొంతు చించుకుని సంపాదించినవే.

లెవీ నెలకో వేలెడు పైకి పోతున్నాడు. ఇప్పుడు మోకాలెత్తుకి వచ్చాడు. ఆ రోజు నుంచి జోథమ్ బంతి ముట్టలేదు.

"ఇంక పట్టదయ్యా జోథమ్," అంది తిర్జా ఆ గురువారం పచ్చిక దగ్గర, మూట వెనక్కిస్తూ. "కోటు పిగిలిపోతోంది. మొన్న గాలికి ఇంటి కప్పు దాకా పోతే పక్కింటివాళ్లు నిచ్చెన వేసి దింపారు. చలికాలం గాలులకి ఈయన్ని ఎక్కడని వెతుక్కోను?"

జోథమ్ మూట అందుకున్నాడు. తిన్నగా వెళ్లి, తను కొత్తగా రాసిన పేజీ కెప్టెన్ ముందు పెట్టాడు. మనిషి మీదికి బంతి విసరరాదు.

కెప్టెన్ పకపకా నవ్వాడు. "కొట్టకుండా ఎలా అవుట్ చేస్తావోయ్? ముద్దు పెట్టా?"

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ? బంతి చేత్తో పట్టుకుని తాకితే చాలు."

"ముందు అందాలిగా! సరే, ఇవాళ ఆట నీ నిబంధనతోనే ఆడదాం. నువ్వూ దిగు. ఒక్కణ్ణి అలా అవుట్ చేసి చూపించు. లేదా ఈ పేజీ చింపి పైపులో పొగాకు ముట్టిస్తా."

ఆట చివరికొచ్చినా ఒక్కడూ అలా దొరకలేదు. కెప్టెన్ అప్పుడే పైపు బయటికి తీశాడు. అప్పుడు లెవీ బ్యాటు ఝాడించాడు. బంతి దొర్లుకుంటూ వచ్చి జోథమ్ కాళ్ల దగ్గర ఆగింది. వంగి తీశాడు.

"ఏరా, బొమ్మలా నిలబడ్డావేం? విసరవా?" గాలిలో పరిగెడుతూ అరిచాడు లెవీ.

"చచ్చినా విసరను!"

"అయితే పట్టుకో చూద్దాం!"

జోథమ్ పరుగందుకున్నాడు. సరిగ్గా అప్పుడే కోటు అంచు పర్రున చిరిగింది. సీసపు అక్షరాలు గడ్డిలోకి జలజల రాలాయి. లెవీ నడుమెత్తుకి లేచాడు, భుజాలెత్తుకి లేచాడు. గాలి అతన్ని ఏటి వైపు తోస్తోంది. తిర్జా కెవ్వుమంది.

"విసరవయ్యా! కొట్టి కింద పడెయ్!" కెప్టెన్ గొంతు.

జోథమ్ విసరలేదు. ఒడ్డు అంచుకి చేరి, ఉన్న బలమంతా కూడగట్టి ఎగిరి, చేతిలోని బంతిని లెవీ బూటు అడుక్కి మెల్లగా ఆనించాడు.

లెవీ దిగాడు. మెట్టు దిగినట్టు మామూలుగా దిగి, బురదలో చీలమండల దాకా కూరుకుపోయాడు.

"అవుట్," అన్నాడు కుర్చీలోని అంపైరు, పొడుగు టోపీ సర్దుకుంటూ.

"నేను సంచికి సరిగ్గా పైనే ఉన్నానండీ!"

"సంచి అదిగో, అక్కడుంది. నువ్వు ఏట్లో ఉన్నావు."

లెవీకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "తిర్జా, మేజోళ్లు తడిసిపోయాయే!" అన్నాడు. కెప్టెన్ పైపు జేబులో పెట్టేసుకుని, అందరితోపాటు మోకాళ్ల మీద కూర్చుని గడ్డిలో అక్షరాలు ఏరాడు.

మర్నాడు జోథమ్ ఆ అరిగిన అక్షరాలతోనే ఆ నిబంధనని అచ్చు వేశాడు. కాస్త వంకరగా పడినా చదవడానికి బాగానే ఉంది. అచ్చు చూడ్డానికి లెవీ బురద బూట్లతో లోపలికొచ్చి, తలుపు నుంచి బల్ల దాకా అడుగులు వేశాడు. సిరా చుక్క పడితేనే తిట్టిపోసే జోథమ్, ఆ వారమంతా నేల తుడవనివ్వలేదు.