కనపడని మరదలు

అక్కాచెల్లెళ్లు కలిసి నడిపే కర్టెన్ల కొట్టుకు వెబ్ పేజీ తయారుచేసింది అక్క మొగుడే. అతని వృత్తి అదే. ఒక కర్టెన్ అంచు ఎంత మడవాలన్న దగ్గర మొదలైన గొడవ మాటామాటా పెరిగి, చెల్లెలు తన కత్తెర తీసుకుని వెళ్లిపోయేదాకా వచ్చింది.

"దాని ఫొటో పేజీలోంచి పీకెయ్యండి," అంది భార్య.

ఈయనగారికి మరదలంటే అభిమానం. రేపో మాపో కలిసిపోతారులే అనుకుని, జావాస్క్రిప్టులో ఒక్క ముక్క రాసి, ఫొటో ఉన్న లేయర్‌ను, అంటే ఆ పొరను, కంటికి ఆనకుండా చేశాడు. తీసెయ్యలేదు. ఖాళీగా కనిపించిన ఆ చోటులోకి ఆర్డర్ బటన్ జరిపి చేతులు దులుపుకున్నాడు.

ఆనాటి నుంచి ఒక్క ఆర్డరూ లేదు.

"అదే అందరికీ లేనిపోనివి ఎక్కించింది. ఇలాగైతే కొట్టు మూసుకోవాల్సిందే," అని భార్య కళ్లొత్తుకుంది.

అతనికి బుర్ర తిరిగిపోయింది. కంప్యూటర్లో బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. బటన్ కోసం రాసిందంతా తిరగేశాడు, అక్షరం కూడా తప్పు లేదు. మళ్లీ నొక్కాడు. తప్పు లేనిచోట తప్పు వెతకడమంత తలనొప్పి పని ఇంకోటి ఉండదు.

భార్య విసుగెత్తి తన ఫోన్లో ఆ పేజీ తెరిచి తనే నొక్కింది. ఎవరికో రింగ్ వెళ్లింది.

"అక్కా?" అంది అవతల చెల్లెలు.

అతను నాలిక కరుచుకున్నాడు. ఫొటో నొక్కితే మరదలికి ఫోను వెళ్లేలా పెట్టింది తనే. కనపడకపోయినా ఆ లేయర్ బటన్ మీదే పరుచుకుని, ఎవరు నొక్కినా ఆ నొక్కుడు అదే అందుకుంటోంది. తన కంప్యూటర్ నుంచి ఫోను వెళ్లదు గనక అక్కడ ఏమీ జరగలేదు.

"నువ్వు పంపినవాళ్లందరి కొలతలూ తీసి పెట్టానక్కా," అంటోంది చెల్లెలు. "నీ కోపం పోయిందనుకున్నా. నువ్వే పిలుస్తావని చూస్తున్నా."

'నేను పంపలేదు' అన్న మాట భార్య పెదవులదాకా వచ్చి ఆగిపోయింది. ఆమెకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

"పొద్దున్నే కత్తెర పట్టుకుని రా," అంది చివరికి. "అంచు నువ్వన్నట్టే మడుద్దాం."

ఫోను పెట్టేసి మొగుడి వైపు తిరిగింది.

"తీసేశానన్నారుగా?"

"దాచానంతే," అని గొణిగాడు అతను.

"సరే, దాని ఫొటో మళ్లీ కనిపించేలా చేయండి. ఈసారి దాన్ని బటన్‌కి పక్కన పెట్టండి, నెత్తికెక్కించకండి."